వడదెబ్బ: నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతం

వడదెబ్బ ఎండలో పనిచేసేవారి ప్రాణం మీదికి తెచ్చే అత్యవసర పరిస్థితి. శరీరం లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటి, మెదడు పనితీరు దెబ్బతినడం దీని గుర్తు. నెల్లూరు జిల్లా పడమట ఉన్న ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో ఏప్రిల్ నుంచి జూన్ వరకు కూలీలకు, రైతులకు, గొర్రెల కాపరులకు దీని ముప్పు ఎక్కువ.

వాతావరణం

వెలిగొండల తూర్పు వాలు నుంచి విస్తరించిన ఈ మెట్ట నేలకు సముద్రపు గాలి ఆలస్యంగా, బలం తగ్గి చేరుతుంది. పడమటి నుంచి వచ్చే పొడి గాలి కొండ దిగుతూ ఇంకా వేడెక్కుతుంది. జిల్లాకు ప్రధానంగా వానలిచ్చేవి అక్టోబరు, డిసెంబరు మధ్య వచ్చే ఈశాన్య రుతుపవనాలు. మే నాటికి చెరువులు అడుగంటి, నేలలో తడి ఆరిపోతుంది. నైరుతి వాన ఇక్కడ అంతంతమాత్రం కాబట్టి రోహిణి కార్తె వెళ్లాక కూడా ఎండ తగ్గదు. మైదానాల్లో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు చేరి, మామూలు కన్నా కనీసం 4.5 డిగ్రీలు ఎక్కువుంటే వాతావరణ శాఖ దాన్ని వడగాడ్పుగా లెక్కిస్తుంది.

ముప్పున్న పనులు

ఉపాధి హామీ పనుల్లో కొలతను బట్టి కూలి పడుతుంది. గట్టి నేల తవ్వేవారు కొలత పూర్తిచేయాలని నీడకు పోకుండా గడ్డపార దించరు. పొగాకు క్యూరింగు కాలంలో ఆకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర బయటి ఎండకు పొయ్యి సెగ తోడవుతుంది. ఆకు ఆరే చివరి దశలో బ్యారన్ లోపల సుమారు 70 డిగ్రీల వేడి ఉంటుంది. మేత కోసం జీవాలను తోలుకుపోయే కాపరికి చాలాసార్లు తోడు మనిషి ఉండడు. పడిపోతే చూసేవారూ ఉండరు.

ఎలా వస్తుంది

ఒంటి వేడిని బయటికి పంపే ప్రధాన మార్గం చెమట ఆరడమే. పొడి గాలిలో చెమట పట్టీపట్టకముందే ఆరిపోతుంది, అందుకే ఎంత నీరు పోయిందో మనిషికి తెలియదు. నీరు, ఉప్పు తగ్గేకొద్దీ రక్తప్రసరణ మందగిస్తుంది; పని ఆపకపోతే కండరాల్లో పుట్టే వేడి లోపలే పేరుకుంటుంది.

ముందు తలనొప్పి, వాంతి, పిక్కలు పట్టేయడం, కళ్లు తిరగడం కనిపిస్తాయి. ఈ దశలో నీడకు చేరి ఉప్పు కలిపిన మజ్జిగో, ఓఆర్‌ఎస్ నీళ్లో తాగితే చాలామంది తేరుకుంటారు. మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా, ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పినా అది వడదెబ్బే. ఒళ్లు పొడిగా కాలిపోతేనే వడదెబ్బ అనుకోకూడదు. పనిచేస్తూ పడిపోయినవారి ఒళ్లు చెమటతో తడిగానూ ఉండవచ్చు.

ప్రథమ చికిత్స

ఆసుపత్రికి తరలించడం కన్నా ముందు ఒళ్లు చల్లబరచాలి. 108కి ఫోన్ చేసి, బండి వచ్చేలోపే మనిషిని చెట్టు నీడకు చేర్చి, బిగుతు బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ తువ్వాలుతో విసరాలి. గాలి పొడిగా ఉండే మెట్టలో తడి వేగంగా ఆరుతుంది కాబట్టి ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. మొదటి అరగంటలో వేడి దిగితే బతికే అవకాశం పెరుగుతుంది. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పారాసెటమాల్ మాత్రకు ఈ వేడి తగ్గదు.

2015 మే వడగాడ్పులు, నివారణ

2015 మే నెలాఖరు వడగాడ్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వారు. వృద్ధులు, కూలీలు అధికంగా బలయ్యారు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం పనిచోట తాగునీరు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని నిర్దేశించింది. తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ముదరకముందే పని ఆపడం, ఇద్దరిద్దరు జతగా పనిచేయడం మేలు. ఎండకు ఒళ్లు అలవాటుపడటానికి వారం, రెండు వారాలు పడుతుంది. కొత్తగా పనికి వచ్చినవారికి మొదటి రోజుల్లో తక్కువ పని ఇవ్వాలి.