పంటి ఎక్స్‌రేకి నోట్లో ఆ రింగ్ ఎందుకు?

భవానీపురం నుంచి ఈ వారం ఎపిసోడ్. పన్ను నొప్పని క్లినిక్‌కి వెళ్తే నోట్లో ఒక హోల్డర్ పెట్టి, "కొరికి పట్టుకోండి, కదలకండి" అంటారు. దాని బయటి చివర ఒక రింగ్ ఉంటుంది. ఆ రింగ్ వెనక యాభై ఏళ్ల కథ ఉంది.

1895 నవంబర్ 8న జర్మనీలో రాంట్‌జన్ ఎక్స్‌రేని కనిపెట్టారు. 1896 జనవరికల్లా అక్కడే ఒటో వాల్కాఫ్ అనే డెంటిస్ట్ తన నోట్లోనే గాజు ఫొటో ప్లేటు పెట్టుకుని పళ్ల ఎక్స్‌రే తీయించుకున్నారు. ఎంతసేపో తెలుసా? 25 నిమిషాలు! ఇప్పుడు సెకనులో చిన్న ముక్క చాలు.

అదే ఏడాది అమెరికాలో, న్యూ ఆర్లియన్స్‌లో, ఎడ్మండ్ కెల్స్ అనే డెంటిస్ట్ మొదలుపెట్టారు. అప్పటి ట్యూబు ఇవాళ ఒకలా, రేపు ఇంకోలా పనిచేసేది. మరి సెట్ చేయడం ఎలా? తన చెయ్యే మీటరు. చెయ్యి అడ్డం పెట్టి, తెర మీద ఎముకలు స్పష్టంగా కనబడేదాకా సర్దేవారు. ఏళ్ల తరబడి అంతే. క్యాన్సర్ వచ్చింది. వేళ్లు పోయాయి, తర్వాత చెయ్యే పోయింది. 1928లో చనిపోయారు.

ట్యూబు కుదిరినా ఇంకో చిక్కుంది: కోణం. మన వీధిలో కరెంటు స్తంభం చూడండి. పొద్దున నీడ బారెడు, మధ్యాహ్నం జానెడు. స్తంభం మాత్రం అదే. ఎక్స్‌రే కూడా పంటి నీడే! కిరణం ఏటవాలుగా పడితే పన్ను సాగినట్టో, కుదించుకుపోయినట్టో కనబడుతుంది.

1907లో పోలండ్ డెంటిస్ట్ చెషిన్‌స్కి ఒక లెక్క చెప్పారు. పంటికీ ఫిల్ముకీ మధ్య కోణాన్ని సగం చేసే గీత ఊహించుకుని, దానికి నిట్టనిలువుగా కిరణం పంపాలి. లెక్క కరెక్టే. కానీ ఆ గీత కంటికి కనబడదు కదా, అంతా అంచనా.

1947లో అమెరికాలో గోర్డన్ ఫిట్జెరాల్డ్ అంచనాని తగ్గించే దారి చూపించారు. ఫిల్ముని పంటికి సమాంతరంగా నిలబెట్టాలి. అలా పెడితే ఫిల్ము పంటికి కాస్త దూరం జరుగుతుంది, నీడ పెద్దదవుతుంది. అందుకే పొడవాటి గొట్టం పెట్టి ట్యూబునీ వెనక్కి జరిపారు. ఇప్పుడు హోల్డర్ ఫిల్ముని సమాంతరంగా పట్టుకుంటే, రింగ్ గొట్టానికి దారి చూపిస్తుంది.

మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, ఇన్‌పుట్ సెట్టింగ్ మారితే రెండు అవుట్‌పుట్‌లు పోల్చలేం. రూట్ కెనాల్‌లో వేరు పొడవు మిల్లీమీటర్లలో లెక్క. ఆర్నెల్ల తర్వాత ఎముక తగ్గిందా లేదా తేలాలంటే రెండు ఎక్స్‌రేలూ ఒకే కోణంలో ఉండాలి.

కాబట్టి ఆ కొన్ని క్షణాలు కదలకండి. ఎక్స్‌రే తీసేటప్పుడు సిబ్బంది ఎవరైనా తమ వేలితో ఫిల్ము పట్టుకోబోతే, "హోల్డర్ లేదా అండీ?" అని అడగండి. అది మీ పంటి కోసమే కాదు, వాళ్ల వేళ్ల కోసం కూడా. మళ్ళీ వారం కలుద్దాం!