మత్తు భయం, హైదరాబాదు క్లోరోఫాం

నాకు తెలిసినవాళ్ళలో చాలామందికి ఆపరేషనంటే కోత గురించి కాదు, మత్తు గురించే భయం. అందులోనూ గర్భసంచి, ప్రోస్టేట్ లాంటి నడుము కింది ఆపరేషన్లయితే భయాలు రెండు. పూర్తి మత్తిస్తే మళ్ళీ లేస్తామా? వెన్నులో సూది వేస్తే కాళ్ళు పడిపోవు కదా? రెండింటికీ పెద్ద చరిత్రే ఉంది. మొదటిదాంట్లో మన హైదరాబాదుకీ వాటా ఉందండోయ్!

1847లో ఎడింబరోలో సింప్సన్ క్లోరోఫాం వాడటం మొదలెట్టాడు. 1848 జనవరిలోనే ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ పిల్ల కాలిగోరు తీయించుకోబోయి ఆ మత్తులోనే పోయింది. ముందు ఆగేది గుండా, ఊపిరా? దీనిమీద డాక్టర్లు దశాబ్దాలు వాదించుకున్నారు.

హైదరాబాదులో పనిచేసిన సర్జన్ ఎడ్వర్డ్ లారీది ఊపిరి పార్టీ. ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలు, గుండెకేం కాదన్నాడు. ఇది తేల్చడానికి ఆరో నిజాం డబ్బుతో 1888లో ఒకటి, 1889లో ఇంకోటి క్లోరోఫాం కమిషన్లు నడిచాయి. రెండోదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు. వందలకొద్దీ కుక్కల మీద ప్రయోగాలు చేసి లారీ చెప్పిందే కరెక్టన్నారు. కానీ 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద ప్రయోగాలతో, మత్తు పల్చగా ఉన్నప్పుడు క్లోరోఫాం గుండె లయనే చెడగొట్టి ఆపెయ్యగలదని చూపించాడు.

ఇక వెన్ను సూది. 1898లో జర్మనీలోని కీల్‌లో ఆగస్ట్ బీర్ వెన్నులోకి కొకైన్ ఎక్కించి నడుము కింది భాగం మొద్దుబారేలా చేశాడు. తన అసిస్టెంట్ హిల్డెబ్రాంట్ మీద కూడా ప్రయోగించాడు. కాలిఎముక మీద ఇనప సుత్తితో కొట్టినా అతనికి నొప్పి తెలియలేదు! బీర్‌కి మాత్రం తన వెన్నులో గుచ్చిన సూది వల్ల ద్రవం కారిపోయి, రోజుల తరబడి తలనొప్పి. సూదులు సన్నబడ్డాక ఆ బాధ చాలా తగ్గింది.

మా అక్కకి గర్భసంచి ఆపరేషన్ అన్నప్పుడు "ఏది సేఫ్‌రా?" అనడిగింది. అందరికీ ఒకటే జవాబు లేదు. పొట్టలో గ్యాస్ నింపి చేసే లాప్రోస్కోపీకి మామూలుగా పూర్తి మత్తే ఇస్తారు. కోసి చేసేవాటిలో చాలావాటికి వెన్ను సూది సరిపోతుంది. గుండె, ఊపిరితిత్తులు, వెన్ను ఎలా ఉన్నాయి, రక్తం పల్చబడే మందులేమైనా వాడుతున్నారా అన్నవి కూడా చూసుకోవాలి.

నాకు లారీ కథలో కనిపించేది ఒకటే. పక్కన మనిషి నిలబడి కనిపెట్టుకుని ఉండాలన్నది రైటే. ఒక్క ఊపిరే చూస్తే చాలన్నదే తప్పు. సీపీయూ గ్రాఫొక్కటే చూసి సర్వర్ బాగుందనడం లాంటిదన్నమాట. ఇప్పుడు గుండె లయ, బీపీ, ఊపిరి, రక్తంలో ఆక్సిజన్ అన్నీ ఒకేసారి చూస్తారు. ఆ ఆక్సిజన్ చూపించే పల్స్ ఆక్సీమీటరుకి 1970లలో దారి వేసిన తకువో అయోయాగి డాక్టరు కాదు, జపాన్ ఇంజనీరు!

మనం సర్జన్ ఎవరని పదిమందిని వాకబు చేస్తాం. మత్తు డాక్టరు ఎవరో కూడా అడగండి. ముందురోజే కలిసి, పై భయాలు రెండూ ఆయన ముందో ఆవిడ ముందో పెట్టండి. మొహమాటమెందుకు?