ఫిరంగిపురం విచారణ బడులు

కొండవీటి గిరిశ్రేణి చెంత, గుంటూరు నుండి నరసరావుపేటకు బోవు మార్గమున నెలకొన్న ఫిరంగిపురము ఆంధ్రదేశపు కతోలిక విద్యాచరిత్రలో అగ్రస్థానము నందదగినది. 18వ శతాబ్దమున ఫ్రెంచి జెస్విట్ గురువుల కర్ణాటక మిషను ద్వారా తెలుగుసీమలో వ్యాపించిన కతోలిక మతము, రెడ్డిరాజుల యేలుబడికి నెలవైన కొండవీటి దుర్గపు పరిసరములందు రైతుకుటుంబముల నడుమ గట్టిగా వేరూనెను.

అయితే ఫిరంగిపురపు విచారణ (పారిష్) విద్యాసేవను గూర్చి చెప్పునపుడు ముందుగా స్మరింపవలసినది ఏ విదేశ గురువునో కాదు, ఈ యూరి ఆడుబిడ్డను. 1822లో ఇచట జన్మించిన జ్ఞానమ్మ, ఐదుగురు కుమారుల తల్లియై, వైధవ్యము పొందియు క్రుంగక, స్త్రీవిద్య యనిన సంఘము పెడమొగము పెట్టుచుండిన దినములలో, మద్రాసు సమీపమందలి కీలచ్చేరి గ్రామమున 1863లో బాలికలకు బడి తెరచెను. అంతటి సాహసము ఆ కాలమున మిక్కిలి యరుదు. ఆమె 1874లో పరమపదించినను, ఆమె నాటిన పునీత అన్నమ్మ మఠకన్యల సంఘము వర్ధిల్లి, ఫిరంగిపురము పేరనే ఒక శాఖగా వెలసి, కన్యల విద్యకు పలుచోట్ల ఆశ్రయమైనది.

మిల్‌హిల్ సభకు చెందిన థియొడోర్ డీక్‌మన్ గురువు కాలమున, 1891లో, బాలయేసు దేవాలయము పూర్తియైనది. బాలుర చదువునకు సెయింట్ పాల్స్ పాఠశాల పేరొందినది. 1940లో నెల్లూరు మేత్రాసనము (డయోసీసు) నుండి గుంటూరు మేత్రాసనము వేరుపడగా, ఈ విచారణ దానిలో చేరెను. ప్రథమ పీఠాధిపతి పోతకమూరి తోమాసుగారు.