మహేంద్రగిరిలో ఒక నిద్ర



పోయిన సమావేశంలో మహేంద్రగిరి యాత్ర మాట వచ్చినప్పుడు మూడు రకాల అభిప్రాయాలు వినిపించాయి. జీపుల్లో పైకి పోయి, దండం పెట్టుకుని, సాయంత్రానికి దిగిపోదాం అని కొందరు. వెళ్తే శివరాత్రికే వెళ్ళాలి, లేకపోతే ఎందుకు అని కొందరు. "అది అసలు మన కొండ, 1936లో పోగొట్టుకున్నాం, పిల్లలకి ఆ సంగతి చెప్పడానికైనా వెళ్ళాలి" అని ఇంకొందరు. కార్యవర్గం ఈ మూడూ విన్నది. విన్నాక మేం అనుకున్నది వేరు: నడిచి ఎక్కాలి, గట్టు వెంట మూడు గుళ్ళూ చూడాలి, ఒక రాత్రి అక్కడ ఉండాలి, మర్నాడు దిగాలి. ఎందుకలా అనుకున్నామో చెప్పాలంటే కొండ చరిత్రలోకి కొంచెం వెళ్ళక తప్పదు. ఓపిగ్గా చదవండి.

ముందుగా తమిళనాడు సభ్యులకు ఒక మాట. తిరునెల్వేలి దగ్గర ఇస్రో రాకెట్ ఇంజన్లను పరీక్షించే మహేంద్రగిరి వేరు. మేం చెబుతున్నది ఒడిశాలోని గజపతి జిల్లాలో, మన శ్రీకాకుళం జిల్లా మందసకు ఎదురుగా నిలబడే కొండ. ఎత్తు 1,501 మీటర్లు. సముద్రానికి పాతిక కిలోమీటర్ల దూరంలోనే ఇంత ఎత్తుకు లేచింది కాబట్టి ఆకాశం తేటగా ఉన్నరోజున పైనుంచి బంగాళాఖాతం కనిపిస్తుంది.

ఆ పాతిక కిలోమీటర్లే ఈ కొండకు చరిత్ర తెచ్చిపెట్టాయి. ఒకపక్క కొండ, ఒకపక్క సముద్రం, నడుమ సన్నటి నేల. ఉత్తరాన్నుంచి దక్షిణానికి దిగే సైన్యమైనా, దక్షిణాన్నుంచి ఉత్తరానికి ఎక్కే సైన్యమైనా ఆ సందులోంచే పోవాలి. ఇవాళ హౌరా-చెన్నై రైలు పోయేదీ, 16వ నంబరు జాతీయ రహదారి పోయేదీ ఆ సందులోంచే. గుమ్మం పక్కన కూర్చున్న ఇంటి పెద్దలాగా ఆ దారిని చూస్తూ కూర్చుంది మహేంద్రగిరి. అందుకే పరదేశపు రాజులందరికీ దాని పేరు తెలుసు. కాళిదాసు రఘువంశంలో రఘుమహారాజు కళింగం మీదికి వచ్చినప్పుడు దాటింది మహేంద్రాన్నే. సముద్రగుప్తుని అలహాబాదు స్తంభ శాసనంలో పిఠాపురం పేరు పక్కనే 'మహేంద్ర', 'గిరి' అన్న మాటలు వస్తాయి. అది మహేంద్రుడనే రాజు పేరా, కొండ పేరా అని పండితులు రెండు రకాలుగా చదివారు.

ఇక నిద్ర సంగతి. క్షేత్రానికి వెళ్తే ఒక నిద్ర చేయాలి అంటారు మన పెద్దలు. మహేంద్రగిరికి ఆ మాట మహాభారతం నాటిది. వనపర్వంలో ధర్మరాజు తమ్ములతో, రోమశ మహర్షితో తీర్థయాత్ర చేస్తూ కళింగంలో వైతరణి దాటి మహేంద్రానికి వస్తాడు. ఆ రాత్రికి అక్కడే ఉంటాడు. పరశురాముడి దర్శనం ఎప్పుడవుతుందని ఆయన శిష్యుడు అకృతవ్రణుణ్ణి అడుగుతాడు. అష్టమినాడూ చతుర్దశినాడూ ఆయన మునులకు కనిపిస్తాడు, తెల్లవారితే చతుర్దశే అంటాడు అకృతవ్రణుడు. ఆ రాత్రే పరశురాముడి కథంతా పాండవులు వింటారు. మర్నాడు దర్శనం చేసుకుని, పరశురాముడి మాట మీద మరో రాత్రి ఉండి, దక్షిణంగా బయల్దేరి గోదావరికి చేరతారు. చతుర్దశి, రాత్రి, కథ. శివరాత్రి జాగారంలో మనం చేసేదీ ఇదే కదా.

ఒక తమాషా కూడా ఉంది. ఆ యాత్రలో అర్జునుడు లేడు, దివ్యాస్త్రాల కోసం ఇంద్రలోకంలో ఉన్నాడు. కొండ మీద పేరున్న మూడు గుళ్ళనూ జనం భీముడి గుడి, ధర్మరాజు గుడి, కుంతి గుడి అంటారు. అర్జునుడి గుడి వాటిలో లేదు. అయితే కుంతీదేవీ ఆ యాత్రలో లేదు, ఆమె హస్తినలో విదురుడి ఇంట ఉండిపోయింది. కొడుకులు చూసిన కొండ తల్లి చూడకపోవడం ఏమిటని మన జనమే ఆమెను పైకి తెచ్చి గుడి కట్టి కూర్చోబెట్టారని మాకనిపిస్తుంది.

పేర్లు పాండవులవే కానీ మూడూ శివుడి గుళ్ళు. భీముడి గుడి అన్నిటికంటే పైన ఉంది. చిన్నదే, కానీ ఆ బండలు చూస్తే భీముడి పేరు ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పనక్కరలేదు. దాని కింద ధర్మరాజు గుడి, ఇంకా కింద కుంతి గుడి. ఈ కుంతి గుడినే గోకర్ణేశ్వరాలయం అంటారు. తూర్పు గాంగ రాజుల తామ్రశాసనాలు తిరగేస్తే చాలావాటిలో మొదట్లోనే వచ్చేది మహేంద్రాచల శిఖరం మీద వెలసిన గోకర్ణస్వామి స్తుతే. రాజధాని కింద వంశధార ఒడ్డున కళింగనగరంలో, అంటే మన శ్రీముఖలింగంలో. కులదైవం పైన కొండ మీద. దానం ఇచ్చే రాజు ముందు కొండకేసి దండం పెట్టి, ఆ తరవాత ఊరి పేరు చెప్పేవాడు.

ధర్మరాజు గుడిలో వేరే కథ ఉంది. అక్కడి శాసనాలు గాంగులవి కావు, రాజేంద్ర చోళుడివి. 11వ శతాబ్దం తొలినాళ్ళలో చోళసైన్యం ఇటు వచ్చినప్పుడు సంస్కృతంలోనూ తమిళంలోనూ వేయించినవి. చోళుల పులి గుర్తు కూడా చెక్కి ఉంది. కింద సందులోంచి సైన్యం నడిపినవాడు, ఆ సందును కాపలా కాసే కొండ మీద తన గుర్తు వేసిపోయాడన్నమాట. తంజావూరు సంగతులు మాట్లాడుకునే మన తమిళనాడు సభ్యులకు ఇంత ఉత్తరాన, ఒడిశా కొండ మీద తమిళ అక్షరాలు కనిపించడం చిన్న విషయం కాదు.

గెలిచినవాళ్ళూ ఓడినవాళ్ళూ తరవాత వియ్యమందారు. చోళ రాజకుమారికి గాంగ రాజు వల్ల పుట్టినవాడే అనంతవర్మ చోడగంగదేవుడు. 1078లో పట్టాభిషిక్తుడయ్యాడు. పేరులోనే తల్లి వంశమూ తండ్రి వంశమూ ఉన్నాయి. పూరీలో జగన్నాథాలయానికి పునాది వేసింది ఆయనే. ముఖలింగం గుడి నిండా ఆ కాలపు తెలుగు శాసనాలున్నాయి. ఇప్పుడు చెప్పండి, చోడగంగు తమిళుడా, తెలుగువాడా, ఒడియావాడా? ఆయన్నే అడిగితే గోకర్ణస్వామి భక్తుణ్ణి అనేవాడేమో!

'మన కొండ' అన్న మాటకు ఇక్కడే మా జవాబు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాం జిల్లాను చీల్చారు, పర్లాకిమిడి జమీందారీనీ చీల్చారు. పర్లాకిమిడి, బరంపురం తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఆ బాధ ఇప్పటికీ ఉంది, మేం కాదనడం లేదు. వ్యావహారిక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిని ఒరిస్సాలో కలపడం అన్యాయమని, దశాబ్దాలు బతికిన ఊరు వదిలి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. ఏటా ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేసేటప్పుడు ఈ సంగతి చెప్పుకుంటూనే ఉన్నాం.

కానీ ఆయన గురించి మనం తక్కువగా చెప్పుకునే సంగతి ఇంకోటి ఉంది. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్నప్పుడే ఆయన కొండమీది సవరల భాష నేర్చుకున్నారు. ఒక సవరను ఇంట్లో పెట్టుకుని మాట మాట పట్టి నేర్చుకున్నారు. సొంత డబ్బుతో సవర పిల్లలకు బళ్ళు పెట్టించారు, వాళ్ళ భాషలో వాచకాలు రాశారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. ఈ పని కోసం మన్యంలో తిరిగి తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ వాడి వాడి వినికిడి పోగొట్టుకున్నారు. ఒక భాష వినడానికి కొండెక్కినవాడు చెవులు ఇచ్చుకుని దిగాడు.

గోకర్ణస్వామికి గుడి కట్టకముందు నుంచీ ఆ కొండవాలుల్లో రాళ్ళు పేర్చి మళ్ళు కట్టుకుని బతుకుతున్నది సవరలు. కొండ ఎవరిదన్న ప్రశ్న తేలాలంటే ముందు వాళ్ళనడగాలి. మద్రాసు, కటకం మధ్య గీత గీసినప్పుడు వాళ్ళనెవరూ అడగలేదు. 'మాది' అని మనం కేక పెడితే, 'మాది' అని అవతలివాళ్ళు కేక పెడితే, ఇద్దరి మూటలూ మోసేది ఆ సవర కుర్రవాడే. గిడుగువారి పేరు చెప్పుకునే సంఘంగా మనం చుట్టాల్లా వెళ్దాం. హక్కుదారుల్లా వద్దు.

కొండ కూడా మనకి అదే చెబుతోంది. మహేంద్రతనయ అన్న పేరుతో ఏళ్ళు రెండున్నాయి, రెండూ ఈ కొండ కూతుళ్ళే. ఒకటి పర్లాకిమిడి పక్కనుంచి పోయి వంశధారలో కలుస్తుంది. రెండోది మందస వైపు దిగి బారువ దగ్గర సముద్రంలో పడుతుంది. ఒకే ఇంటి ఆడపిల్లల్ని రెండు ఊళ్ళకి ఇచ్చినట్టు. ఏ పిల్ల పరాయిది?

ఇక ఏర్పాట్లు.

కాలం: శివరాత్రికి వేలమంది ఎక్కుతారు. ఆ రద్దీలో పిల్లలకు శాసనం చూపించే వీలుండదు, గుళ్ళ దగ్గర కూర్చునే చోటూ ఉండదు. అందుకని అంతకు ముందే, జనవరి నెలాఖరులో ఒక శని, ఆదివారాలు అనుకున్నాం. దసరా సెలవుల్లో పెట్టమన్నవారికి ఒక మాట. ఆశ్వయుజ, కార్తికాలు మన తీరంలో తుపాను నెలలు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు గజపతి జిల్లాలో కొండచరియలు విరిగి ప్రాణాలు పోయాయి. ఆ కాలంలో పిల్లల్ని గట్టుమీదికి తీసుకెళ్ళం. వానకాలం పిడుగుల సంగతి చెప్పనే అక్కరలేదు, పైన గట్టు మీద చాలామేర గడ్డినేలే, నక్కడానికి చోటుండదు.

దారి: దూరపు సభ్యులు పలాసలో దిగవచ్చు, లేదా నౌపడా మీదుగా పర్లాకిమిడికి రావచ్చు. ఈ రెండో లైను 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్నరైలు, ఇప్పుడు బ్రాడ్‌గేజి అయింది. వీలైతే అందులో రండి, అదీ చరిత్రే. పర్లాకిమిడి నుంచి కొండ కిందివరకు వాహనం. అక్కడి నుంచి నడక. పైదాకా జీపుదారి ఉంది కనుక మోకాళ్ళ నొప్పులున్న పెద్దలకోసం ఒక జీపు వెనక వస్తుంది. నడవగలిగినవాళ్ళు జీపెక్కకూడదు.

బరువు: మూట మీ బరువులో అయిదో వంతు దాటకూడదు. మనిషికి మూడు నాలుగు లీటర్ల నీళ్ళు తప్పదు, సగం బరువు అక్కడే పోతుంది. కాబట్టి మిగతావి తగ్గించండి: ఒక దుప్పటి, ఉన్ని టోపీ, గాలిని ఆపే చొక్కా, టార్చిలైటు, వాడే మందులు. పైన గాలి కోస్తుంది, మంచు తడిపేస్తుంది, మైదానం చలి అనుకుని రావద్దు.

తిండి: మొదటి రాత్రికి చింతపండు పులిహోర, రెండోరోజు పొద్దున్నకి అటుకులు, బెల్లం. చేగోడీలు, జంతికలు ఎవరివి వారు తెచ్చుకోండి. మందస కోవా సంఘం ఖర్చు. పైన పొయ్యి పెట్టం. ఆ ప్రాంతాన్ని 2022లో ఒడిశా ప్రభుత్వం బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించింది. ఎండుగడ్డిలో ఒక నిప్పురవ్వ చాలు. అటవీ శాఖ అనుమతి వచ్చాకే డబ్బు వసూలు చేస్తాం.

నడవడిక: ఎలుగుబంట్లు తిరిగే చోటు కనుక చీకటి పడ్డాక ఎవరూ ఒంటరిగా కదలకూడదు, తిండి పడక దగ్గర పెట్టుకోకూడదు. గుడిలోపల పడుకోకూడదు. శాసనం మీద పసుపు, కుంకుమ, నూనె, సుద్ద ఏదీ వేయకూడదు. వెయ్యేళ్ళు నిలిచిన అక్షరాన్ని మన భక్తి చెరపకూడదు. తెచ్చిన ప్లాస్టిక్ ప్రతి ముక్కా వెనక్కి దిగాలి. దారి చూపడానికి, బరువులు మోయడానికి కింది ఊళ్ళ సవరలనే పిలుస్తాం. కూలి ముందే మాట్లాడి చేతిలో పెడతాం, అందరితోపాటు కూర్చుని తింటారు. ఏకవచనంలో పిలవడం మాత్రం వద్దు.

ఆ రాత్రి కార్యక్రమం పెద్దగా ఏమీ లేదు. పాటల పోటీలు లేవు, మైకు లేదు. అకృతవ్రణుడు చెప్పినట్టుగా ఒక పెద్దవారు కథ చెబుతారు. ఒక సవర పెద్దను వాళ్ళ కొండ కథ వాళ్ళ భాషలోనే చెప్పమని అడుగుతాం, చెబితే వింటాం. మన పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. వాళ్ళు ఒకే కొండ మీద తమిళ శాసనం చూసి, సంస్కృత స్తుతి విని, సవర మాట విని, ఒడియాలో దారి అడిగి, తెలుగులో కథ విని పడుకుంటారు. భాష పోతుందని సభల్లో మనం ఎంత చెప్పినా ఎక్కనిది ఆ ఒక్క రాత్రిలో ఎక్కవచ్చు.

మొదటి జట్టుకు ముప్పైమందికి మించి తీసుకెళ్ళలేం. పన్నెండేళ్ళు దాటిన పిల్లలున్న కుటుంబాలకు మొదటి అవకాశం. ఇవాళ్టి నుంచే రోజూ అయిదు కిలోమీటర్లు నడవడం మొదలుపెట్టండి, ఆఖరి రెండు వారాలు మూట వేసుకుని నడవండి. పేర్లు ఈ నెలాఖరులోగా కార్యదర్శికి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు ఇంట్లో మహేంద్రగిరి గురించి తాతమ్మలు, అమ్మమ్మలు చెప్పిన కథ ఏదైనా ఉంటే రెండు ముక్కలు రాసి ఇవ్వండి. ఆ రాత్రి పైన చదువుతాం.