ఓరుగల్లు బావులు, గాలి గుంజే మోటర్లు

వరంగల్ ప్రాంతపు సేద్యానికి మొదటి ఆధారం చెరువు. కాకతీయ గణపతిదేవుని కాలంలో, 13వ శతాబ్దిలో వెలసిన పాకాల, రామప్ప చెరువుల నీరు తూము దాటితే పల్లానికి తనంత తానే పారుతుంది, తోడే పని లేదు. ఆయకట్టుకు అందని మెరక చేలల్లో బావి తవ్వి మోట కట్టారు. ఎడ్లు ఏటవాలు బాటలో దిగుతుంటే తోలు మోట గిలక మీదుగా పైకొచ్చి, తొండం గుండా కాలువలోకి నీళ్లు పోసేది. దానికి చిల్లు పడితే నీళ్లు కారేవి కాబట్టి లోపం ఎక్కడో వెతకాల్సిన పని లేదు, మాసిక వేస్తే సరిపోయేది.

ఆయిల్ ఇంజన్లు, వాటి వెనుక కరెంటు మోటర్లు వచ్చాక కంటికి కనిపించని చిల్లు మొదలైంది. 1959లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు, 1969లో కేంద్రపు గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడ్డాయి. పల్లెలకు తీగలు చేరుతున్నకొద్దీ మోటబావుల గట్ల మీద పంపులు కూర్చున్నాయి.

పంపు నీటిని లాగుతుందని అనుకుంటాం గానీ, నిజానికి పైకి తోసేది బయటి గాలి. తిరిగే ఇంపెల్లర్ సక్షన్ పైపులో ఒత్తిడిని తగ్గిస్తుంది, బావి నీటి మీద ఉన్న వాతావరణ పీడనం ఆ ఖాళీలోకి నీటిని ఎక్కిస్తుంది. 1640లలో ఇటలీలో టారిచెల్లి తేల్చిన సంగతే ఇది. సముద్రమట్టం దగ్గర నీరు ఇలా ఎక్కే ఎత్తుకు హద్దు సుమారు 10.3 మీటర్లు. పైపు రాపిడి, ఇతర నష్టాలు పోగా అక్కరకొచ్చేది ఆరేడు మీటర్లే.

పైపు లోపల పీడనం బయటికంటే తక్కువ కాబట్టి, సన్నని పగులున్నా నడిచే మోటరు నుంచి నీరు బయటికి రాదు, గాలే లోపలికి పోతుంది. ధార తెగి తెగి పడుతుంది, నురగ కడుతుంది, చివరికి ఆగిపోతుంది. దీన్నే ‘మోటరు గాలి గుంజుతోంది’ అంటారు. రైతు ముందు మోటరునే తిట్టుకుంటాడు గానీ తప్పు చాలాసార్లు పైపుది.

మెకానిక్ వెతుకులాటకు ఒక వరుస ఉంది. ముందు పంపు నిండా నీళ్లు పోసి చూస్తాడు. మట్టం తగ్గిపోతే, పైపు అడుగున నీటిని వెనక్కి పోనివ్వని ఫుట్‌వాల్వ్‌లో చెత్తో రాయో ఇరుక్కుందనో, దాని తోలు అరిగిందనో అర్థం. నీళ్లు నిలిస్తే అనుమానం అతుకుల మీదికి మళ్లుతుంది. మోటరు నడుస్తుండగా ఒక్కో జాయింటు మీద నీళ్లు పోస్తాడు. ఎక్కడ పోసినప్పుడు ధార కుదుటపడితే అక్కడే చిల్లు. అగరుబత్తి పొగ అతుకు వైపు వంగినా గుర్తే. ఇరుసు దగ్గరి సందును మూసే గ్లాండు డోరీ ఎండిపోతే అదీ గాలికి దారి ఇస్తుంది, అందుకే అక్కడ చుక్క చుక్కగా నీరు కారనివ్వాలి. కొత్తవాడు దాన్ని బిర్రుగా బిగించి ఇరుసునే అరగదీస్తాడు. అన్నీ బాగున్నా గాలి వస్తుంటే బావిలోకి తొంగిచూడాలి: నీరు తగ్గి పైపు మూతి దగ్గర సుడి తిరుగుతుంటే ఏ అతుకూ తప్పు చేయనట్టే.

ఆ చివరి కారణమే ఈ కథను మలుపు తిప్పింది. నీటి మట్టం దిగజారేకొద్దీ మోటర్లను గట్టు మీది నుంచి బావి లోపలి అరుగుల మీదికి దించుకోవాల్సి వచ్చింది. పైపుల్లో బెండ్లు, అతుకులు పెరిగాయి, గాలికి సందులూ పెరిగాయి. ఆపై రాతినేలలో బోర్లు పడ్డాయి, నీళ్లలోనే మునిగి నడిచే సబ్‌మెర్సిబుల్ మోటర్లు వచ్చాయి. వాటికి సక్షన్ పైపే లేదు. గాలి బెడద పోయి, వైండింగు కాలే బెడద మిగిలింది. 2004లో ఉచిత విద్యుత్తు వచ్చేనాటికి మెకానిక్ దుకాణంలో ఫుట్‌వాల్వ్ కంటే రాగి తీగదే పెద్ద వ్యాపారం.

గట్టు మీద కూర్చునే పంపు ఈత కొలనుల్లో మాత్రం నిలిచింది. అక్కడ ముందు చూడాల్సింది వడపోత బుట్ట మూత కింది రబ్బరు రింగు. అది ఎండి పగిలితే పారదర్శకమైన మూత కింద బుడగలు కనిపిస్తాయి, కొలనులోకి తిరిగొచ్చే నీటితోనూ బుడగలే వస్తాయి. పంపు దాటిన తర్వాతి పైపులో చిల్లయితే బుడగలు ఉండవు, నేల తడుస్తుంది.