బల్లమీది రైలుబండి

శ్రీకాళహస్తి నుండి రేణిగుంటకు పోవు రైలు మార్గమున ఏర్పేడు స్టేషను కలదు. తిరుపతి ఐ.ఐ.టి., ఐసర్ అను రెండు ఉన్నత విద్యాసంస్థలు నేడు ఈ మండలముననే ఉన్నవి. ఆ స్టేషనులో నిలిచిన విద్యార్థికి వచ్చుచున్న బండి కనిపించును; కాని ఆ బండిని క్షేమముగా అచ్చటికి చేర్చిన ఏర్పాటు కనిపించదు. ఆ ఏర్పాటును కన్నులకు కట్టించు సాధనమొకటి కలదు. అదియే, పిల్లల ఆటవస్తువని మనము తలచు చిన్న రైలుబండి.

నిజమునకు రైలుకంటె దాని నమూనాయే ముందు పుట్టినది. జేమ్స్ వాట్ కొలువులో నుండిన విలియం మర్డాక్ 1784 ప్రాంతమున ఆవిరితో నడచు మూడు చక్రముల చిన్న బండిని చేసెను. రిచర్డ్ ట్రెవితిక్ కూడ మొదట చిన్న నమూనాలు చేసి చూచి, పిమ్మట 1804లో వేల్సు దేశమున పెద్ద ఇంజనును పట్టాలపై నడిపెను. మన ప్రాంతమునకు రైలు వచ్చుటకు మరి కొంత కాలము పట్టినది. నేటి ఆంధ్రప్రదేశపు తొలి రైలుమార్గము పుత్తూరు, రేణిగుంటల నడుమ 1862లో ఏర్పడెను.

అంతవరకు ఆటబొమ్మగా నుండిన చిన్న రైలునకు క్రమము కల్పించినది జర్మనీలోని మార్క్లిన్ సంస్థ. 1891లో లైప్‌జిగ్ సంతలో ఆ సంస్థ నిర్ణీతమైన వెడల్పులు గల పట్టాలను ప్రదర్శించెను. తిన్నని ముక్కలు, వంపు ముక్కలు, దారి మార్చు ముక్కలు ఒకదానితో నొకటి అతుకునట్లు చేయబడినవి. ఒక ఏడు బండిని కొన్న బాలుడు మరుసటి ఏడు పట్టాలు చేర్చుకొని తన మార్గమును పెంచుకొనవచ్చును. 1910లో లండనులో నమూనా రైళ్ళ సంఘము స్థాపింపబడెను. ఇట్టి సంఘములు పెట్టిన ప్రదర్శనముల వలన ఈ వేడుక ఇల్లు దాటి జనులలోనికి వచ్చినది. 1922లో భోజనపు బల్లపై పరచదగిన 16.5 మిల్లీమీటర్ల వెడల్పు పట్టాలను ఇంగ్లండులో బాసెట్-లోక్ సంస్థ విక్రయించెను. మన దేశమున 1998లో పూనాలో జోషి అను ఔత్సాహికుని చిన్న రైళ్ళ ప్రదర్శనశాల తెరవబడెను.

నమూనా చేయువాడు మొదట లెక్క నేర్వవలెను. ప్రపంచమున మిక్కిలి వాడుకలో నున్న కొలత 87కు 1. అనగా 87 మీటర్లు ఇచ్చట ఒక మీటరగును. 16.5ను 87 చేత గుణించినచో 1435 మిల్లీమీటర్లు వచ్చును. ఇది ఐరోపాలో వాడుకలో నున్న పట్టాల వెడల్పు. మన పెద్దలైను వెడల్పు 1676 మిల్లీమీటర్లు గనుక దానికి 19.3 మిల్లీమీటర్ల పట్టాలు కావలెను. బజారులో దొరకు పట్టాలపై మన బండి నిలిపినచో పట్టాలు సుమారు 3 మిల్లీమీటర్లు ఇరుకై యుండును. వంపు సంగతి మరింత చిక్కు. మన పెద్దలైనుపై అనుమతించు మిక్కిలి బిగువైన వంపు వ్యాసార్ధము 175 మీటర్లు. నమూనాలో అది 2 మీటర్లు. కనుక పూర్తి వలయమునకు 4 మీటర్ల బల్ల కావలెను! పొడవు 87వ వంతు తగ్గినను బరువు అట్లు తగ్గదు. అది 87 ఘనము చొప్పున, అనగా 6,58,503 రెట్లు తగ్గును. అన్ని భాగములు అదే లోహముతో అదే పాళ్ళలో చేసినచో 100 టన్నుల ఇంజను 152 గ్రాములే తూగును.

ఇన్ని కొలతలు తగ్గినను తగ్గనిదొకటి కలదు. అది రైలు నడుపు నియమము. రెండు స్టేషన్ల నడుమ ఒక పట్టాపై ఒక సమయమున ఒక్క బండియే ఉండవలెనన్నది దాని సారము. దీని విలువను లోకము మిక్కిలి దుఃఖముతో నేర్చుకొన్నది. 1889 జూన్ 12న ఐర్లండులోని ఆర్మా సమీపమున ఆదివారపు బడి పిల్లలతో నిండిన బండి మిట్ట ఎక్కలేక నిలిచిపోయెను. సిబ్బంది దానిని రెండుగా విడదీసి ముందు భాగమును పైకి లాగబోయిరి. వెనుక భాగము పల్లమునకు జారి, వెనుక వచ్చుచున్న మరియొక బండిని ఢీకొనెను. కొన్ని నిమిషముల వ్యవధి ఇచ్చి ఒక బండి వెనుక మరియొక బండిని పంపుట ఆ మార్గమున అప్పటి ఆచారము. సుమారు 80 మంది మరణించిరి. ఆ ఏడే బ్రిటిష్ పార్లమెంటు పై నియమమును చట్టముగా చేసెను.

నియమమును పుస్తకమున చదువుట వేరు, చేతితో అలవరచుకొనుట వేరు. నిజమైన పట్టాలపై తప్పులు చేసి నేర్చుకొన వీలులేదు. అందుచే 1912లో మాంచెస్టరులో లాంకషైర్, యార్క్‌షైర్ రైల్వేవారు సిగ్నలు పనివారి శిక్షణకై నమూనా రైలుమార్గము నిర్మించిరి. అది ఎనిమిది దశాబ్దములకు పైగా పాఠము చెప్పినది. మన రైల్వే శిక్షణాలయములలోను ఇట్టి నమూనా గదులు కలవు. సిగ్నలు ఇంజనీర్లకు శిక్షణ నిచ్చు సంస్థ సికింద్రాబాదులో 1957 నవంబరు 24న ప్రారంభమయ్యెను.

ఈ పాఠమునకు విలువైన పరికరములు అక్కరలేదు. ఉపాధ్యాయుడు తరగతిలో పొడవైన బల్ల వేసి, ఒక కొన ఏర్పేడు, రెండవ కొన శ్రీకాళహస్తి అనుకొనవచ్చును. మధ్యభాగము కనబడకుండ బల్లకు అడ్డముగా రెండు తెరలు కట్టి, రెండు కొనల ఇద్దరు విద్యార్థులను స్టేషన్ మాస్టర్లుగా నిలుపవలెను. మాట్లాడుటకు బ్యాటరీ గంట చాలును. దారముతో కూర్చిన అగ్గిపెట్టెలే బండి. చివరి పెట్టెపై, నిజమైన బండికి వలెనే, గుణకారపు గుర్తు వేయవలెను. ఏర్పేడు అడుగును, శ్రీకాళహస్తి లైన్ క్లియర్ ఇచ్చును, బండి కదలును.

నాలుగైదు బండ్లు చక్కగా నడచిన పిమ్మట, ఉపాధ్యాయుడు తెరల నడుమ చివరి పెట్టె దారమును మెల్లగా విప్పవలెను. ఇంజను శ్రీకాళహస్తి చేరును. అచ్చటి విద్యార్థి గుర్తు కొరకు చూచునా, లేక తదుపరి బండికి వెంటనే లైన్ క్లియర్ ఇచ్చునా? నేడు అనేక చోట్ల ఇరుసులను లెక్కించు విద్యుత్ సాధనములు ఈ పరీక్ష చేయుచున్నవి. అయినను అవి అడుగు ప్రశ్న ఇదియే. విద్యార్థి మరచినచో రెండు అగ్గిపెట్టెలు ఢీకొని బల్లపై పడును, తరగతి నవ్వును. వాటిని ఎత్తి పెట్టి, పాఠమును మరల మొదటినుండి ప్రారంభింపవచ్చును.