టైరులోని గాలి – ఇరుసులోని కీలు

వేగముగా పోవుచున్న కారు మలుపు తిరుగవలెనన్న దానిని వంపు లోపలివైపునకు లాగు అభికేంద్ర బలము కావలెను. ఆ బలము రోడ్డునకును టైర్లకును మధ్య గల ఘర్షణవలననే లభించును. ఒక్కొక్క టైరు రోడ్డును తాకు చోటు ఇంచుమించు అరచేయి యంత. కారులోనివారి ప్రాణములు ఆ నాలుగు అరచేతుల పట్టుమీద ఆధారపడియుండును. ఈ పట్టు స్వభావమును తెలిసికొనుటకు చాలకాలము పట్టినది. తెలిసినదానిని ఆచరణలో పెట్టుటకు మరికొంత కాలము పట్టినది.

గాలి నింపిన టైరు మెత్తనిది. ప్రక్కబలము సోకినపుడు అది కొంత వంగును. అందుచే చక్రము తాను చూచు దిక్కున గాక, కొంచెము ప్రక్కగా సాగును. ఈ రెండు దిక్కుల నడిమి కోణమే జారుడు కోణము. 1925 లో ఫ్రాన్సు దేశీయుడగు జార్జి బ్రూలియే ఈ భావమును వివరించెను. 1930 లో జనరల్ మోటార్సు సంస్థలో చేరిన మారిస్ ఓలీ అను ఇంజనీరు తన సహచరులతో కలిసి దానిని కార్లకు అన్వయించెను. ముందు చక్రముల జారుడు కోణము ఎక్కువైనచో కారు కోరినంత మలుపు తిరుగదు. డ్రైవరు స్టీరింగును మరికొంత త్రిప్పిన సరిపోవును. వెనుక చక్రముల కోణము ఎక్కువైనచో వెనుకభాగము వెలుపలికి జారి, కారు కోరినదానికన్న ఎక్కువ తిరుగును. ఈ రెండవ గుణము మితిమీరినచో కారు గిర్రున తిరిగిపోవును.

1959 అక్టోబరులో జనరల్ మోటార్సునకు చెందిన షెవ్రొలే విభాగము కోర్వెయిర్ అను చిన్నకారును అమెరికాలో విడుదల చేసెను. దాని ఇంజను వెనుక నుండెను. అందుచే మొత్తము బరువులో నూటికి 60 పాళ్లకు మించి వెనుక చక్రములపై పడెడిది. బరువు హెచ్చైన చోట ప్రక్కబలమును హెచ్చుగానే కావలెను. కనుక వెనుక జారుడు కోణము పెరుగును. పైగా వెనుక ఇరుసు రెండు ముక్కలుగా నుండి, కారు నడుమనున్న కీళ్లవద్ద మాత్రమే ఊగెడిది. తీవ్రమైన మలుపులో కారు వెనుకభాగము పైకి లేచినచో, వెలుపలి చక్రము అడుగు లోపలికి మడతపడి పట్టు తగ్గెడిది.

ఇట్టి అమరికగల యూరపు కార్లను ఓలీ 1953 లోనే ఒక వ్యాసమున తీవ్రముగా విమర్శించియుండెను. అప్పుడతడు షెవ్రొలే పరిశోధన విభాగమునకు అధిపతి!

కోర్వెయిర్ నిర్మాతలు దీనికి చూపిన ఉపాయము టైర్లలోని గాలి. ముందు టైర్లకు చదరపు అంగుళమునకు 15 పౌనులు, వెనుక టైర్లకు 26 పౌనులు ఉంచవలెనని సూచించిరి. గాలి తక్కువైన టైరు ఎక్కువగా వంగును. ముందు జారుడు కోణము పెరిగి కారు అదుపునందుండును. లెక్క సరియైనదే. కాని అన్ని టైర్లకును సమముగా గాలి కొట్టించు అలవాటు గలవాడు తెలియకయే ఆ లెక్కను తారుమారు చేయును.

ముందు చక్రములను రెండింటిని కలుపు ఉక్కు కడ్డీ ఇంతకన్న నమ్మదగిన సాధనము. కారు ఒరుగునపుడు అది మెలిపడి, ముందు వెలుపలి టైరుపై అధిక భారము మోపును. భారము రెట్టింపైనను టైరు పట్టు రెట్టింపు కాదు. కావున ముందు జత పట్టు కొంత తగ్గును. వెనుక జతకు ఊరట కలుగును. ఈ కడ్డీని 1962 లో కోరినవారికి మాత్రమే అమ్మిరి. 1964 నమూనాలో అన్ని కార్లకును అమర్చి, వెనుక అడ్డముగా ఒక కమానును చేర్చిరి. 1965 నమూనాలో వెనుక అమరికనే మార్చి, చక్రము మడతపడు దోషమును తొలగించిరి.

అప్పటికే పాత కార్ల ప్రమాదములు న్యాయస్థానముల కెక్కినవి. 1965 నవంబరులో రాల్ఫ్ నేడర్ అను న్యాయవాది, ఏ వేగముననైనను అపాయమే యను అర్థము గల పేరుతో ఒక గ్రంథమును ప్రకటించెను. అందలి మొదటి అధ్యాయము కోర్వెయిర్‌ను గూర్చినదే. 1966 లో వాహనముల భద్రతా ప్రమాణములను నిర్ణయించు అధికారమును చట్టము అమెరికా కేంద్ర ప్రభుత్వమున కిచ్చెను. 1969 లో కోర్వెయిర్ నిర్మాణము ఆగిపోయెను. అయితే 1972 లో ప్రభుత్వ పరీక్షల నివేదిక, 1960–63 నాటి కోర్వెయిర్ తన సమకాలపు కార్లకన్న అధిక ప్రమాదకరము కాదని తేల్చెను. దోషమెవరిదన్న వాదము సంగతి ఎట్లున్నను, మూడుమార్లు జరిగిన మార్పులు చెప్పు పాఠము స్పష్టము.

టైరు, స్ప్రింగు, ఇరుసు వేర్వేరు వస్తువులు కావు. ఒకదానిని మార్చిన తక్కినవాని పనియు మారును. కారు చురుకుగా తిరుగవలెనని ముందు చక్రములకు మాత్రమే మంచి టైర్లు తొడిగి, అరిగినవానిని వెనుక నుంచువాడు, కోర్వెయిర్ నిర్మాతలు నివారింపజూచిన స్థితినే తన కారునకు తెచ్చిపెట్టుకొనుచున్నాడు. నేటి కార్లలో తలుపు ప్రక్కనో, వాహనముతో వచ్చు పుస్తకములోనో గాలి పీడనపు అంకెలు వ్రాసి యుండును. ముందునకొక అంకె, వెనుకకొక అంకె ఉన్నచో, ఆ భేదమును అలక్ష్యము చేయరాదు.